అమ్ముడుపోయారహో!

మెటాలికా బ్యాండ్ అమ్ముడుపోయింది. ఈ వార్త మొదటిసారి 1984లో పుట్టింది. తర్వాత 1989లో, 1991లో, 1996లో మళ్లీ మళ్లీ వచ్చింది. ఒకే సరుకు ఇన్నిసార్లు ఎలా అమ్ముడుపోతుందని అనుమానం అక్కర్లేదు. ప్రతిసారీ కొన్నది ఆ వార్త మోసుకొచ్చినవాళ్లే.

తొలి నేరం అకూస్టిక్ గిటార్. లాస్ ఏంజిలెస్‌లో 1981లో పుట్టిన ఈ బ్యాండ్ డెమో క్యాసెట్‌ను కుర్రాళ్లు కాపీల మీద కాపీలు తీసుకుని చేతులు మార్చుకుంటూ విన్నారు. 1983లో మొదటి ఆల్బమ్ వచ్చింది. ఊపిరి తీసుకోనివ్వని వేగం, చెవులు చిల్లులు పడే మోత, థ్రాష్ మెటల్ అంటే అదే. ఆ మరుసటి ఏడాది ‘రైడ్ ద లైట్నింగ్’లో ‘ఫేడ్ టు బ్లాక్’ అనే పాట నెమ్మదిగా, మెత్తగా మొదలైంది. అంతే, వీళ్ల పని అయిపోయిందన్నారు. చావు గురించి ఆలోచించే ఓ మనిషి పాట అది. అందులో వ్యాపారం ఎక్కడ కనబడిందో కనిపెట్టినవాళ్లకు నమస్కారం. అదే పాట ఇప్పుడు కచేరీలో వాయించకపోతే ఆ వర్గమే అలుగుతుంది.

రెండో నేరం వీడియో. మేం వీడియోలు తీయం అని బిగదీసుక్కూచున్నవాళ్లు 1989లో ‘వన్’ పాటకు తీశారు. యుద్ధంలో కాళ్లూ చేతులూ, చూపూ వినికిడీ పోయి ఆసుపత్రి మంచం మీద పడి ఉన్న సైనికుడి కథ. ఓ పాత సినిమా ముక్కలు అతికించి, నలుపూ తెలుపులో, ఏడు నిమిషాలకు పైగా లాగారు. పాప్ ప్రపంచాన్ని కొల్లగొట్టడానికి ఇంత దిక్కుమాలిన పథకం వేసిన వ్యాపారి ఇంకొకడు లేడు. అయినా అభిమాని క్షమించలేదు. ఎందుకంటే ఆ వీడియో టీవీలో వచ్చింది. టీవీ చెల్లెలు కూడా చూస్తుంది. చెల్లెలికి నచ్చిన పాట తనకెలా నచ్చుతుంది?

అసలు మహాభారతం 1991 ఆగస్టులో మొదలైంది. నల్లటి అట్ట మీద కనబడీ కనబడని పాము బొమ్మ, లోపల 12 పాటలు. బ్యాండ్ పేరే ఆల్బమ్ పేరు. జనం దాన్ని బ్లాక్ ఆల్బమ్ అన్నారు. 1988 నాటి దాని ముందు ఆల్బమ్‌లో 9 పాటలకు 65 నిమిషాలు పట్టింది. ఇందులో 12 పాటలకు 62 నిమిషాలే. పాట కురచయ్యింది కాబట్టి చిత్తశుద్ధీ కురచయ్యిందని లెక్క తేల్చారు. పైగా నిర్మాత బాబ్ రాక్. ఈయన మోట్లీ క్రూ ఆల్బమ్ చేసినవాడు, అంతకుముందు బాన్ జోవీ ఆల్బమ్‌కు సౌండ్ చూసినవాడు. అంటే జుట్టుకు స్ప్రే కొట్టుకునే శత్రుశిబిరం నుంచి వచ్చిన మనిషి. ఆయన చేసిన ఘోరాలు ఒకటా రెండా? నలుగురినీ స్టూడియోలో ఒకచోట నిలబెట్టి కలిసి వాయించమన్నాడు. సాహిత్యం ఇంకా బాగా రాయమని గాయకుడు హెట్‌ఫీల్డ్‌ను పోరాడు. అన్నిటికన్నా దారుణం, బాస్ గిటార్ వినబడేలా చేశాడు. ముందు ఆల్బమ్‌లో జేసన్ న్యూస్టెడ్ వాయించిన బాస్ ఎంత వెతికినా చెవికి దొరకదు. నిఖార్సైన అభిమాని దాన్ని చెవితో కాదు, నమ్మకంతో వింటాడు. అలాంటివాడికి నిజంగా వినిపిస్తే అవమానం కాదా?

‘ఎంటర్ శాండ్‌మన్’ ఆ రోజుల్లో తప్పించుకోలేని పాట. గిటారిస్టు కిర్క్ హామెట్ తెచ్చిన బాణీలో మొదటి ముక్కనే తిప్పి తిప్పి వాయించమని డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ సలహా ఇచ్చాడట. అక్కడే పట్టుకుంది జనానికి. తర్వాత బేస్‌బాల్ మైదానంలోకి ఆటగాడు దిగుతుంటే అదే, కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పరుగెత్తుకొస్తుంటే అదే. ఇక ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’ ప్రేమపాట, వెనక ఆర్కెస్ట్రా! ఓ చేత్తో ఫోన్ పట్టుకుని ప్రియురాలితో మాట్లాడుతూ, రెండో చేత్తో ఊరికే తీగలు మీటుతుంటే పుట్టిన పాట అని హెట్‌ఫీల్డే చెప్పుకున్నాడు. థ్రాష్ మెటల్ వీరుడికి ప్రియురాలు ఉండటమే తప్పు. ఉన్నా ఫోన్ చేయడం ఇంకా తప్పు.

ఆల్బమ్ అమెరికాలో నేరుగా మొదటి స్థానంలో దిగింది. అక్కడే కోటి 60 లక్షల పైచిలుకు అమ్ముడైంది. ఇక్కడ నాకో చిక్కు ప్రశ్న ఉంది. ఆ రోజుల్లో మీకు తెలిసిన ప్రతి పాత అభిమానీ దాన్ని తిట్టాడు కదా, మరి ఎవరు కొన్నారు? కొత్తవాళ్లు కొన్నారు, నిజమే. పాతవాళ్లూ కొన్నారు. వినకుండా తిట్టడం అన్యాయం కాబట్టి కొన్నారు. ఒకసారి వింటే తిట్టడానికి వివరాలు చాలవు కాబట్టి క్యాసెట్ అరిగేదాకా విన్నారు.

1996లో వచ్చిన ‘లోడ్’ దగ్గర మాత్రం సంగీత విమర్శ క్షౌరవిద్యగా మారింది. నలుగురూ జుట్టు కత్తిరించుకుని ఫొటోల్లో కనబడ్డారు. హామెట్ కళ్లకు కాటుక కూడా పెట్టాడు. తిరుమలలో తలనీలాలు ఇస్తే మొక్కు తీరిందంటాం. అక్కడ మతం మారిందన్నారు. పాట ఎలా ఉందని అడిగితే జుట్టు సంగతి చెప్పేవారు. లోగోలో వాడి కొసలు తగ్గాయని ఏడ్చినవాళ్లున్నారు. బ్లాక్ ఆల్బమ్‌ను ఐదేళ్లపాటు ఉతికి ఆరేసిన పెద్దమనుషులు రాత్రికి రాత్రే దాని తరఫు వకీళ్లయిపోయారు: ‘అదైనా మెటల్‌రా బాబూ, ఇదేం గోల?’ నేరం పాతబడితే క్లాసిక్ అవుతుంది. కాకపోతే ముందు కొత్త నేరం జరగాలి.

‘లోడ్’ కమర్షియల్ అన్న అభియోగాన్ని కాసేపు ఒప్పుకుందాం. 14 పాటలు, దాదాపు 79 నిమిషాలు. డిస్కులో చోటు చాలక చివరి పాట ‘ది అవుట్‌లా టోర్న్’ తోక ఓ నిమిషం దాకా కోశారు. అయినా అది దగ్గరదగ్గర పది నిమిషాలుంది. డబ్బు మీద ఆశున్నవాడెవడైనా ఇంత సరుకు ఒకే ధరకు కుక్కి ఇస్తాడా? రెండు ఆల్బమ్‌లు చేసి అమ్ముకోడూ? ఆ తెలివి వాళ్లకూ వచ్చింది లెండి. మరుసటి ఏడాది ‘రీలోడ్’ వచ్చింది.

‘లోడ్’ మొదటి వారంలో అమెరికాలో 6,80,000 కాపీలు పోయింది. బహిష్కరణ ఉద్యమం అంత విజయవంతంగా సాగింది.

అభిమానుల వాదానికి బలమిచ్చిన సంగతి ఒకటి మాత్రం ఉంది, అది చెప్పకపోతే పక్షపాతం. కాపీ క్యాసెట్ల మీద పెరిగిన బ్యాండే 2000లో, ఇంటర్నెట్‌లో పాటలు పంచుకోనిచ్చే నాప్‌స్టర్ మీద కేసు వేసింది. పాటలు ఉచితంగా పంచుకున్న 3,35,000 మంది యూజర్ పేర్లను డబ్బాలకెత్తించి ఉల్రిక్ స్వయంగా ఆ కంపెనీ గుమ్మం దాకా మోసుకెళ్లాడు. న్యాయం తనవైపు ఉండొచ్చు గాక, ఆ డబ్బాల ఊరేగింపు మాత్రం చూడ్డానికి అసహ్యంగా ఉంది. కానీ అప్పుడే అభిమాని మనసులో మాటా బయటపడింది. బ్యాండ్ డబ్బు కోసం పాడకూడదు. నేను డబ్బిచ్చి వినకూడదు. ఈ రెండూ కలిస్తే కళ బతుకుతుందని ఆయన నమ్మకం.

సరే, అమ్మకానికి పనికిరాని ఆల్బమే కావాలి కదా అని 2003లో ‘సెయింట్ ఆంగర్’ ఇచ్చారు. గిటార్ సోలోలు లేవు, మెరుగులు లేవు, పాటలు మళ్లీ పొడవు. స్నేర్ డ్రమ్ రేకు డబ్బాలా మోగిందన్నారు. కోరిన పచ్చిదనం కోరినంత దొరికింది. ఇదేం రికార్డింగ్, బ్లాక్ ఆల్బమ్ సౌండ్ ఎక్కడ అని గోల పెట్టారు. నిర్మాత? ఆ బాబ్ రాకే. పైగా ఈసారి బాస్ కూడా ఆయనే వాయించాడు.

ఈ తగవు మన దాకా రాలేదనుకోకండి. 2011 అక్టోబర్‌లో ఈ బ్యాండ్ భారతదేశం వచ్చింది. గుర్‌గావ్ కచేరీ రద్దయింది. జనం వేదిక ఎక్కి సామాను విరగ్గొట్టారు. రెండు రోజులకు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించారు. రాత్రి బస్సుల్లో అక్కడికి వెళ్లిన హైదరాబాదు కుర్రాళ్లలో చాలామందికి ఈ బ్యాండ్‌ను పరిచయం చేసింది బ్లాక్ ఆల్బమే. ఆ సంగతి పైకి చెప్పరు. ఎవరైనా అడిగితే 1986 నాటి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ పేరు చెబుతారు, అప్పటికి తాము పుట్టకపోయినా.

ఆ ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’కు కూడా 2022లో అపచారం జరిగింది. ‘స్ట్రేంజర్ థింగ్స్’ సీరియల్‌లో వినబడేసరికి పదహారేళ్ల పిల్లలు ఎగబడి విన్నారు. 36 ఏళ్లలో మొదటిసారి ఆ పాట అమెరికా హాట్ 100 జాబితాకెక్కింది. పాత కాపులు వెంటనే ప్రశ్నపత్రం తీశారు: ఏదీ, ఇంకో మూడు పాటల పేర్లు చెప్పండి! బ్యాండ్ మాత్రం అందరూ రండని గేట్లు తెరిచింది. చూడబోతే ఈ బ్యాండ్‌కు తన అభిమానులంటే ఉన్నంత ఇష్టం, ఆ అభిమానులకు తోటి అభిమానులంటే లేదు. బ్యాండ్‌వాళ్లు డబ్బున్నవాళ్లయ్యారన్నది పాత అభిమాని బాధ కాదు. తన గదిలో తలుపేసుకుని విన్నది పక్కింటి కిటికీలోంచి కూడా వినబడుతోంది, అదీ బాధ.

2025లో ‘లోడ్’కు కొత్తగా మెరుగులు దిద్ది, సీడీలూ డీవీడీలూ పుస్తకమూ నింపిన బరువైన పెట్టె అమ్మకానికి పెట్టారు. అది ఎంత సాహసోపేతమైన ఆల్బమో చెబుతూ ఇప్పుడు వ్యాసాలు వస్తున్నాయి. జుట్టు ప్రస్తావన తగ్గింది. రాసేవాళ్ల వయసు దృష్ట్యా అది సున్నితమైన విషయం కావచ్చు.

నా తీర్పు అడిగితే, బ్లాక్ ఆల్బమ్‌లో మూడు పాటలు దండగ, ‘లోడ్’లో ఆరు. మిగిలినవి ఏ రాక్ బ్యాండ్ అయినా గర్వంగా చెప్పుకోదగ్గవి. నమ్మకం కలగకపోతే ‘లోడ్’లోంచి ‘బ్లీడింగ్ మీ’ పెట్టుకుని చివరిదాకా వినండి. ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఫొటోలు తర్వాత చూసుకోవచ్చు.