అమీర్‌పేటలో కొలిమి పెడితే

కత్తులు చేయాలన్న సరదా పుట్టినవాడికి మొదట్లో దాగలి, చేతి సుత్తి చాలు. లారీ కమాన్ పట్టీ ముక్క కొలిమిలో ఎర్రబడుతుంది, కొడితే సాగుతుంది. భుజం మొరాయించిన రోజున అసలు బేరం మొదలవుతుంది: పవర్ హ్యామర్ కొనాలా, హైడ్రాలిక్ ప్రెస్సా? సుత్తి కొట్టకుండా చెప్పాలంటే, అమీర్‌పేట, పంజగుట్టల మధ్య ఎక్కడ కాపురమున్నా ప్రెస్సే కొనాలి. ఇక్కడ ఇనుము కన్నా ముందు ఇరుగుపొరుగును వంచాలి మరి.

పాతిక కిలోల హ్యామర్ అంటే ఆ బరువు నిమిషానికి 200 సార్లకు పైగా వచ్చి పడుతుంది. కింద దాగలి కనీసం పది రెట్లు బరువుండాలి, దాని కింద కాంక్రీటు దిమ్మ, ఆ కింద గట్టి నేల. మైత్రీవనం వెనక సందుల్లో ఆ కింద ఉండేది ఇంకొకరి వంటగది. ఒక అంతస్తులో జావా క్లాసు, దాని మీద లేడీస్ హాస్టల్, ఆపైన రేకుల షెడ్డు ఖాళీగా ఉంది కదా అని హ్యామర్ బిగిస్తే, మొదటి నిమిషానికే అందరూ భూకంపమనుకుని రోడ్డు మీదుంటారు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. ఆసుపత్రుల, విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలూ ఉంది. పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లను కూడా విద్యాసంస్థల కింద జమకడితే హ్యామర్‌కు కాలు మోపే చోటే మిగలదు. అక్కడి హారన్ల మోతలో ఇదెవరికి వినిపిస్తుందని వాదించేవాళ్లుంటారు. హారన్ కొట్టినవాడు పచ్చలైటు పడగానే వెళ్లిపోతాడు. హ్యామర్ పెట్టినవాడి ఫ్లాట్ నంబరు వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలుసు.

పొరుగువాళ్ల భయం పక్కన పెట్టినా ఉక్కు వైపు నుంచీ ఒక కారణం ఉంది. మందపాటి దిమ్మ మీద తేలికపాటి హ్యామర్ దెబ్బలు పైపొరనే ఎక్కువగా కదిలిస్తాయి. అంచులు సాగుతాయి, నడిమి భాగం వెనకబడుతుంది. నలభై ఐదు రోజుల క్రాష్ కోర్సు చేసినవాడి రెజ్యూమేలా పైన తళతళ, లోపల మొన్నటి సరుకే. పాతిక టన్నుల ప్రెస్ నెమ్మదిగా పట్టి నొక్కుతుంది, ఆ ఒత్తిడి నడుమ దాకా దిగుతుంది. డమాస్కస్ కత్తుల కోసం పొరలు పేర్చి అతికేవాళ్లు దాన్ని ఇష్టపడేది అందుకే. ఎక్కువసేపు అంటిపెట్టుకుని ఉండటంతో డైలు వేడిని లాగేస్తాయన్నది నిజమే. రెండు మూడు నొక్కులకే ముక్క నల్లబడి మళ్లీ కొలిమి ఎక్కాలి. పలచటి అంచు సాగదీయడంలో హ్యామర్‌దే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ చివరి పనికి చేతి సుత్తి ఉండనే ఉంది, ఈపాటికి భుజమూ కాస్త తేరుకుని ఉంటుంది. ప్రెస్‌తో అసలు భయం నూనెది: కొలిమి పక్కన గొట్టం పగిలితే మంటే. గొట్టాలకు తొడుగు వేయాలి, పంపును దూరంగా పెట్టాలి. ఇందులో పిసినారితనం పనికిరాదు.

కోనసముద్రం ఉక్కు పుట్టిన తెలంగాణలో ప్రెస్సేమిటని సంప్రదాయవాదులు గుండెలు బాదుకోవచ్చు. నిజామాబాద్ జిల్లాలోని ఆ ఊరి మూస ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 1832లో అచ్చయిన, వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త రాసిన వివరణలో ఉంది. సుమారు 1.5 శాతం కార్బన్ ఉన్న అలాంటి ఉక్కును యూరప్ కమ్మరులు తమ అలవాటు కొద్దీ తెల్లగా కాచి కొడితే పొడిపొడిగా రాలిపోయింది. దానికి కావలసింది ఎర్రటి వేడి, ఓపిక. దెబ్బల వేగంతో దానికి పనిలేదు. వంశవృక్షమే కావాలంటే బ్రామా ప్రెస్ పేటెంటు 1795 నాటిది, నాస్మిత్ ఆవిరి సుత్తి పేటెంటు 1842 నాటిది. నీటి చక్రంతో ఆడే సుత్తులు అంతకన్నా పాతవే, కాకపోతే మైత్రీవనం దగ్గర వాననీళ్లు నిలుస్తాయి తప్ప పారవు.

ఇక బాలానగర్‌లో షెడ్డు అద్దెకు తీసుకుని హ్యామరే పెట్టుకోవచ్చు కదా అనేది మిగిలింది. పెట్టుకోవచ్చు, అమీర్‌పేట నుంచి మెట్రోలో ఆరో స్టేషనే. పొద్దున హాయిగా వెళ్లొచ్చు. సాయంత్రం సంచిలో కొత్త కత్తితో వస్తే స్టేషన్ స్కానర్ ఒప్పుకోదు, ఆటోవాడు మీటరు వేయడు.