బాతెల్ రామమాడ: టీకా తాత్పర్యము

మూలము:
ఈస్ట్ ఇండియా కంపెనీ
వన్ అణా యూ కే 1818
వెనుకవైపు సీతాలక్ష్మణ సమేతుడైన శ్రీరాముడు, పాదాల చెంత హనుమ.

అవతారిక: వాషింగ్టన్ రాష్ట్రమందు బాతెల్ అను ఊరిలో, ఒక తెలుగువారి పూజగదిలో, కుంకుమభరిణె పక్కన ఈ రాగి బిళ్ల కొలువై యున్నది. రామదాసు బాకీ కింద రామలక్ష్మణులు తానీషాకు చెల్లించిన రామమాడల్లో ఇదొకటని గృహస్థు నమ్మకము. తానీషా 1687లోనే గోల్కొండ పోగొట్టుకున్నాడు గదా అంటే కాఫీ ఆలస్యమవును. కనుక ఇక్కడ చెప్పుచున్నాము.

ప్రతిపదార్థము: ఈస్ట్ ఇండియా కంపెనీ = ఆ పేరుగల వర్తకులయొక్క; వన్ అణా = రూపాయిలో పదహారో వంతు; యూ కే = 1801లో ఆ పేరు దాల్చిన రాజ్యము; 1818 = అచ్చు పోసినవాడికి తోచిన అంకె.

పాఠాంతరములు: 1616 అనియు, 1717 అనియు కొన్ని ప్రతులు. కొన్నిట రాముడికి బదులు ఒంటరి ఆంజనేయుడు. 1616 పాఠము మహాసాహసము. పుట్టని రాజ్యం పేరు దాని మీద ఎక్కినది. ఈ కర్తకు జంట అంకెలపై మోజు మెండు.

ఆక్షేపము: దొరలు మన దేవుళ్లను నాణెం మీద వేస్తారా? కాబట్టి ఇది దొంగది.

సమాధానము: ఈ వాదం చెల్లదు. మద్రాసులో కంపెనీవారే విష్ణుమూర్తి బొమ్మతో వరహాలు కొట్టించారు. వెండి అర వరహా మీద ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణువు, చుట్టూ తమిళ, తెలుగు అక్షరాలు. బేరం సాగాలంటే ఏ దేవుడైనా వారికి సమ్మతమే. దోషం దేవుడిది కాదు, అణాది. బ్రిటిష్ ఇండియాలో అణా బిళ్ల జనం చేతికొచ్చింది 1907లో. అదీ రాగిది కాదు, వంకీల అంచున్న తెల్లటి బిళ్ల. 1818 అంటారా, అది మద్రాసులో వరహాను దించి రూపాయిని ప్రమాణం చేసిన ఏడు. ఆ సంగతి తెలిసే కర్త ఈ అంకె వేశాడని వాదించే పండితులుంటే వారికో నమస్కారం.

విశేషము: భూతద్దం పట్టి చూడవలెను. చేతులు మారిన నాణెం ముందు ఎత్తైన చోట్ల అరుగుతుంది: ముక్కు, మోకాలు, అక్షరాల తలలు. ఇక్కడ రాముడి ముక్కూ, అక్షరాల సందులూ ఒకే నలుపు. అది వయసు నలుపు కాదు, పూసిన నలుపు. అక్షరాల అంచులు పెనం మీద పలుచని అట్టుపిండిలా జారిపోయినవి. అచ్చుతో కొట్టిన నాణానికి అంచు తేరి యుండును, పోతపోసినదానికి ఇట్లుండును.

స్థానిక దృష్టాంతము: వాషింగ్టన్ రాష్ట్రపు పాత పన్ను బిళ్ల. మధ్యన చిల్లు, అల్యూమినియం, 10 సెంట్లలోపు కొనుగోలుకు. రెండు శాతం పన్నంటే పది సెంట్లకు సెంటులో అయిదో వంతు. అంత చిల్లర లేక ఈ బిళ్ల వేశారు. దానిపై 1935 అని ఉన్నా అది చట్టం చేసిన ఏడు, బిళ్ల పుట్టిన ఏడని రూఢి కాదు. యుద్ధకాలంలో అల్యూమినియం విమానాలకు పోగా బిళ్లలు ప్లాస్టిక్‌కు దిగినవి. కాలం తేల్చేది అక్కడ అంకె కాదు, పదార్థము.

తాత్పర్యము: ఇది తీర్థాల్లో అమ్మిన ఇటీవలి గుడిబిళ్ల. పూజకు నిరభ్యంతరంగా పనికివచ్చును. బియ్యపు గింజలను లాగుతుందని, లక్షలు పలుకుతుందని ‘రైస్ పుల్లింగ్’ బేరగాడు వస్తే తలుపు తీయవద్దు. ఇంట్లో నిజంగానే పాత నాణెం ఉంటే మాత్రం, అయ్యా, అమ్మా, చింతపండు పెట్టి తోమకండి.