అమ్మ ఎక్కలేని బండి

బండి కొనేముందు నేను చూసింది ఒకే ఒక్క అంకె. గరిష్ఠ హార్స్‌పవర్. నూట యాభై నుంచి రెండు వందల సీసీ దాకా ఉన్న స్పోర్ట్స్ బండ్లలో ఆ అంకె దేనికి ఎక్కువుంటే అదే మంచి బండి అనుకున్నాను. ఆ అంకె పక్కనే ఇంకోటి రాసి ఉంటుంది, ఎన్ని ఆర్‌పీఎం దగ్గర ఆ బలం వస్తుందో చెప్పేది. దాన్ని చదివాను కూడా. చదివి పట్టించుకోలేదు. నేను చేసిన తెలివితక్కువ పని అక్కడే మొదలైంది.

మా ఈడు వాళ్లకు ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. మా అన్నలకు బండి అంటే ఆర్‌ఎక్స్ 100. 1999లో హీరో హోండా సీబీజెడ్, 2001లో బజాజ్ పల్సర్, 2003లో కరిజ్మా వచ్చాయి. 2008లో యమహా ఆర్15 వచ్చింది. నూట యాభై సీసీలో నీళ్లతో చల్లబడే ఇంజిన్, ఫ్యూయెల్ ఇంజెక్షన్, ఆరు గేర్లు, ముందంతా కప్పేసిన ఫెయిరింగ్. పెద్ద రేసు బండి రూపం మామూలు రైతు కొడుక్కి అందేంత దూరంలోకి వచ్చిందన్నమాట. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద ఆ బండితోనే పోటీలు కూడా పెట్టారు. మోకాలు నేలకు ఆనేలా వంగి మలుపు తిరిగే కుర్రాళ్ల ఫొటోలు చూసి, నేనూ అలా వంగగలనని మా ఊరు వర్నిలో కూర్చుని నమ్మాను.

ఇరుంగట్టుకోట్టైలో వడ్లు ఆరబోయరు. కోత మిషన్ అడ్డం రాదు. దమ్ము చేసిన పొలంలోంచి ట్రాక్టర్ కేజ్ వీల్స్‌తో ఎక్కి తారు మీద బురద గడ్డలు వదిలిపోదు. నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే మా ఊళ్లలో ఇవన్నీ ఏటా రెండు పంటలకూ ఉంటాయి. బోధన్ వైపు పోయినా, బాన్సువాడ వైపు పోయినా మా దారుల్లో బండి ఎక్కువసేపు నడిచేది నలభై, యాభై వేగంలోనే. అంటే ఇంజిన్ నాలుగు, అయిదు వేల ఆర్‌పీఎం మధ్య తిరుగుతుంది. నేను డబ్బు పోసి కొన్న బలం పది వేల దగ్గర ఉంది. అక్కడికి చేరేంత ఖాళీ రోడ్డు మా పొలాల మధ్య ఎక్కడుంది?

ఈ లెక్క కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆర్15లో 2021లో వచ్చిన నాలుగో తరం బండికి 18.4 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) బలం, అది 10,000 ఆర్‌పీఎం దగ్గర. సుజుకీ జిక్సర్ ఎస్ఎఫ్ 155 సీసీ బండికి, బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక, 13.6 పీఎస్ మాత్రమే, 8,000 దగ్గర. ఈ రెండంకెలే చూస్తే రెండోది చాలా వెనకబడిన బండి. కానీ టార్క్ చూడండి. మొదటిదానికి 14.2 ఎన్ఎం, 7,500 దగ్గర. రెండోదానికి 13.8 ఎన్ఎం, 6,000 దగ్గర. లాగే శక్తి దాదాపు సమానం, పైగా అది ముందే చేతికి వస్తుంది. హార్స్‌పవర్ అంటే టార్క్‌ను ఇంజిన్ తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేదే. పై వేగాల్లో కూడా టార్క్ పడిపోకుండా తిరగగల ఇంజిన్‌కు పెద్ద అంకె వస్తుంది. ఆర్15లో 2018 నుంచి వీవీఏ అని ఒక ఏర్పాటుంది. 7,400 ఆర్‌పీఎం దాకా ఒక కామ్, అది దాటాక ఇంకో కామ్ గాలి లోపలికొచ్చే వాల్వులను తెరుస్తాయి. కింది వేగంలో నీరసపడకుండా, పైన ఊపిరాడేలా చేసిన చక్కని ఇంజినీరింగ్ అది. కానీ ఆ రెండో కామ్ పనిచేసే చోటికి మా దారిలో రోజూ పోగలమా అన్నదే కొనేవాడు వేసుకోవాల్సిన ప్రశ్న. నేను వేసుకోలేదు.

నేను కొన్న బండి పేరు చెప్పను. అది మంచి బండే, దాన్ని ఏ పనికి తయారుచేశారో ఆ పని చక్కగా చేసేది. యాసంగి వడ్లు అమ్మిన పైసలతో కొనిచ్చాడు బాపు. కొనేముందు షోరూంలో దాని చుట్టూ తిరిగి, వెనక సీటు మీద చెయ్యి పెట్టి అడిగాడు.

“గీ సీటు మీద మీ అమ్మ ఎట్ల కూసుంటదిరా?”

“అమ్మకు ఆటోలున్నయి గద బాపూ.”

ఆ మాట అన్నది నేనే. బాపు మళ్లీ ఏమీ అనలేదు.

వెనక సీటు ముందు సీటుకన్నా బాగా ఎత్తు, అరచెయ్యంత వెడల్పు. చీర కట్టుకున్న మనిషి ఒక పక్కకు కూర్చుంటే పట్టుకోవడానికి సరైన ఆధారం లేదు, రెండు కాళ్లూ పెట్టుకునే పళ్లెం లేదు. మోటారు వాహనాల నియమాల్లో 123వది వెనక కూర్చునేవాళ్లకు చేతి పట్టు, కాలు ఆన్చే చోటు, చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు ఉండాలంటుంది. నియమం ప్రకారం అవన్నీ ఆ బండికి ఉన్నాయి. అమ్మ కూర్చోవడానికి అవి సరిపోలేదు. జలాల్‌పూర్ దగ్గర బడాపహాడ్ దర్గాకు మొక్కు చెల్లించాలని, కొత్త బండి మీద తీసుకుపొమ్మని అడిగింది. ఎక్కబోయి, ఎక్కలేక, చెప్పులు సర్దుకుని “నువ్వు పో బిడ్డా, నేను ఆటోల వస్త” అంది. నేను నిజంగానే పోయాను. గుట్ట కింద ఆమె ఆటో కోసం ఎదురుచూస్తూ బండికి ఫొటోలు తీశాను.

ఆ తర్వాత ఒక రాత్రి ఆమెకు జ్వరం ఎక్కువైంది. ఆటో దొరకలేదు. పక్కింటి చిన్నాయన తన పాత స్ప్లెండర్ తీసి, నడుముకు చెయ్యి చుట్టించుకుని ఆమెను బోధన్ దవాఖానకు తీసుకుపోయాడు. నేను వెనక నా బండి మీద ఒక్కడినే పోయాను. వాళ్ల బండి టెయిల్ లైటు చూస్తూ అంత దూరం పోయిన ఆ ప్రయాణంలో నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. ఇది మొదటిదానికన్నా పెద్దది. కోతల కాలంలో ఒక మలుపు తిరిగేసరికి సగం రోడ్డు మీద వడ్లు, వాటి అంచుకు గాలికి పట్టా ఎగరకుండా పెట్టిన రాళ్లు. వేగంగా ఉన్నాను. వెనక టైరు వెడల్పు చూసుకుని, ఏబీఎస్ ఉందన్న ధైర్యంతో బ్రేకు పట్టాను. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది, అంతే. దొర్లే గింజల మీద టైరుకు పట్టే లేనప్పుడు అది బండిని తొందరగా ఆపలేదు, ఒక్కోసారి ఆగే దూరం ఇంకా పెరుగుతుంది. పడ్డాను. మోచెయ్యి గీరుకుంది, ఫెయిరింగ్ పగిలింది. లేచి, వడ్లు నేరుపుతున్న ముసలాయన మీద అరిచాను. రోడ్డు నీ అయ్యదా అన్నాను. ఆయన ముందు నా చెయ్యి చూశాడు, నీళ్ల సీసా ఇచ్చాడు, తర్వాత చెదిరిన గింజలు ఊడ్చుకున్నాడు.

తేమ 17 శాతం దాటితే కొనుగోలు సెంటర్‌లో వడ్లు తీసుకోరు. కోత మిషన్ పచ్చి వడ్లనే దింపి పోతుంది. కల్లం లేని రైతు వాటిని ఎక్కడ ఎండబెట్టాలి? ఈ సంగతి నాకు తెలియనిది కాదు. మా వడ్లూ అదే రోడ్డు మీద ఆరాయి. ఆ వడ్ల పైసలతోనే నేను ఆ బండి కొన్నాను. రోడ్డు మీద వడ్లు పోయడం ప్రమాదమే, దానికి ప్రతి ఊళ్లో కల్లాలు కట్టడమే మందు. కానీ ఆ రోజు తప్పు నా వేగానిది. వారం గడవకముందే వెళ్లి ఆయన కాళ్లకు దండం పెట్టాను. “పానం మంచిగున్నదా” అని మాత్రమే అడిగాడు.

ఇప్పుడు ఎవరైనా మా వైపు కుర్రాడు చిన్న స్పోర్ట్స్ బండి ఏది మంచిదని అడిగితే నా అభిప్రాయం దాచుకోను. ఒంటరిగా తిరిగేవాడికి, నిజామాబాద్ దాటి హైవే మీద దూరం పోయేవాడికి ఆర్15 లాంటిది నూటికి నూరుపాళ్లూ తగిన బండి. మలుపులో దాని నిబ్బరానికి ఈ తరగతిలో సాటి తక్కువ. ఇంటికి ఒకటే బండి అయినవాడికి, హ్యాండిల్ కాస్త ఎత్తుగా ఉండి, గాలితో చల్లబడి, ఆరు వేల లోపే లాగే జిక్సర్ ఎస్ఎఫ్ లాంటిది మేలు. ఫెయిరింగ్ లేకపోయినా ఫరవాలేదనుకుంటే అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ ఇంకా మేలు. పడితే పగిలే ప్లాస్టిక్ తక్కువ, ముందూ వెనకా కలిపి సీటు ఒకటే పలక, ఊళ్లో మెకానిక్ షెడ్డులో దాన్ని విప్పడానికి భయపడరు. రెండు వందల సీసీ కేటీఎం ఆర్‌సీ, పల్సర్ ఆర్‌ఎస్ బండ్ల పాతిక హార్స్‌పవర్ మా దారులకు అక్కర్లేదు.

తమ్ముళ్లారా, టెస్ట్ రైడ్‌కు పోతే ఖాళీ రోడ్డు మీద ఎంత వేగం పోతుందో చూడకండి. నాలుగో గేర్‌లో నలభై మీద వెళ్తూ గేరు దించకుండా ట్రాక్టర్‌ను దాటగలుగుతుందా చూడండి. ఫెయిరింగ్ ఒక పక్క పగిలితే ఎంతవుతుందో ముందే అడగండి. కోతల రోజుల్లో మలుపు ముందే వేగం తగ్గించండి. షోరూంకు అమ్మను వెంట తీసుకెళ్లి, డబ్బు కట్టేముందు ఆమెను వెనక సీటు మీద కూర్చోబెట్టి చూడండి.