మా క్యాంపస్‌లో అలాంటివాళ్లు లేరు

"మానసిక సమస్యలా? అబ్బే, మా క్యాంపస్‌లో అలాంటివాళ్లు లేరండీ" అన్నారు కార్పొరేట్ జూనియర్ కాలేజీ డీన్‌గారు. నమ్మాలి మరి, లెక్కల మాస్టారు కదా!

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్క ఇంకోలా ఉంది. 13–17 ఏళ్ల పిల్లల్లో సుమారు 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందట. ఆ లెక్కన వెయ్యిమంది ఉన్న క్యాంపస్‌లో డెబ్బైకి పైమాటే. రాష్ట్రంలో వచ్చిన ప్రతి ర్యాంకూ మాదేనని ఫ్లెక్సీ కట్టేవారికి, ఈ డెబ్బైమందిలో ఒక్కడూ మావాడనిపించడు.

పిల్లల్ని గమనించడం వీళ్లకు చేతకాదనుకునేరు! వీకెండ్ టెస్టులో నాలుగు మార్కులు తగ్గితే రాత్రికల్లా నాన్న ఫోన్‌కు మెసేజ్, సోమవారానికల్లా సెక్షన్ మార్పు. అదే పిల్లాడు వారం రోజులుగా మెస్‌లో సరిగ్గా తినకపోయినా, రాత్రుళ్లు నిద్రపోకపోయినా, పక్క బెడ్డువాడితో మాట మానేసినా ఎవరికీ మెసేజ్ పోదు. వీటన్నిటినీ అందరికంటే ముందు చూసేది ఫ్లోర్ ఇన్‌ఛార్జే. కానీ ఆయన్ను పెట్టింది స్టడీ అవర్‌లో కునికేవాణ్ని లేపడానికి. వాడెందుకు కునుకుతున్నాడో అడగడం ఆయన డ్యూటీ కాదు.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులుంటే అర్హతగల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు వీలైనంతవరకు విడదీయొద్దంది, నలుగురిలో అవమానించొద్దంది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వమంది. హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనపడేలా పెట్టమంది.

డీన్‌గారు ఆలస్యం చేయలేదు. ఫిజిక్స్ లెక్చరర్ మెడలో 'కౌన్సెలర్' అని రెండో బ్యాడ్జి వేశారు. సెక్షన్లను ఇకపై మార్కుల్ని బట్టి కాకుండా 'సామర్థ్యాన్ని' బట్టి విడదీస్తామన్నారు. టెలి మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416ను ప్రతి అంతస్తులో పెద్ద అంకెలతో అంటించారు. పిల్లల ఫోన్లన్నీ వార్డెన్ బీరువాలో భద్రంగా ఉన్నాయి.

"తల్లిదండ్రులే ఒప్పుకోరండీ. మావాడికి పిచ్చంటారా అని మీదకొస్తారు" అన్నది డీన్‌గారి ఆఖరి అస్త్రం. అలా మీదకొచ్చే తండ్రులు లేకపోలేదు. కానీ ఆరో తరగతి పిల్లాడికి ఐఐటీ ఫౌండేషన్ కావాలని అదే తండ్రిని ఒక్క సాయంత్రంలో ఒప్పించిన పీఆర్‌వో మీ దగ్గరే ఉన్నాడుగా! "మీవాడు నిద్రపోవడం లేదండీ, ఓసారి డాక్టరుకు చూపిద్దాం" అని చెప్పడానికీ ఆయన్నే పంపండి. కావాలంటే అడ్మిషన్‌కిచ్చే కమీషనే దీనికీ ఇవ్వండి.