చుడువలో పల్లీలు ఏమైనయ్?

బోనాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్లిపోయారు, లాల్‌దర్వాజ దిక్కు బారికేడ్లు కూడా తీసేశారు. నా కోపం ఒక్కటే ఇంకా దిగలేదు. పొద్దున లేచి వంటింట్లోకి పోగానే ఎదురుగా ఆ పెద్ద స్టీలు డబ్బా కనబడుతుంది. మూత తీస్తే సగం దాకా చుడువ ఉంది. చుడువ అనొచ్చో లేదో మరి. ఉత్త అటుకులు. పల్లీ లేదు, కాజు లేదు, ఎండుకొబ్బరి ముక్క లేదు. కరివేపాకు మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

ఏరుకు తినేవాళ్లలో పిల్లల్ని నేను లెక్కలోకి తీసుకోను. వాళ్లు కిస్మిస్ కోసం వస్తారు, దొరికింది నోట్లో వేసుకుని పరుగెత్తుతారు, దాపరికం లేదు. నా బాధంతా పెద్దవాళ్లతోనే. మా ఆడబిడ్డ వాళ్లాయన ఉన్నాడు. "అమ్మా, నాకు షుగర్ కదా, అటుకులు వద్దన్నడు డాక్టరు" అంటాడు దిగులుగా. అలా దిగులుపడుతూనే ప్లేటులోని పల్లీలన్నీ ఒక్కటొక్కటిగా ఖాళీ చేసి, అటుకుల్ని పళ్లెం అంచుకు నెట్టి, ప్లేటు నాకే తిరిగి ఇస్తాడు. మా మరిది చదువుకున్నవాడు. పల్లీలు బరువు కాబట్టి డబ్బా కదిలినప్పుడల్లా అడుగుకు చేరతాయని అతనికి తెలుసు. అందుకే గరిటె ముట్టుకోడు. మోచేతి దాకా చెయ్యి దించుతాడు. ఇక మా ఆడబిడ్డ అందరూ తిన్నాక తీరిగ్గా వచ్చి, డబ్బాలోకి తొంగిచూసి, "ఈసారి పల్లీలు తక్కువేసినట్టున్నవ్ వదినా" అంటుంది.

తక్కువేశానట! ఆషాఢంలో చుడువ చెయ్యడమంటే ఏమిటో తెలిసినవాళ్లు అనే మాటేనా? ఎండాకాలమైతే పేపరు అటుకులు మిద్దె మీద కాసేపు ఆరబోస్తే చాలు, కరకరలాడతాయి. బోనాలప్పుడు ఎండ ఎక్కడిది? మూకుడులో సన్న సెగ మీద కొంచెం కొంచెంగా వేయించుకోవాలి. చెయ్యి ఆపితే మాడతాయి, గట్టిగా కలిపితే నుగ్గవుతాయి. పల్లీలు చిటపటలాడేదాకా, పుట్నాలు ఇట్లా వేసి అట్లా తీసేదాకా, కొబ్బరి ముక్కలు అంచు ఎర్రబడేదాకా. పచ్చిమిర్చిలో చెమ్మంతా పోయి తెల్లబడేదాకా వేగకపోతే రెండోనాటికే మొత్తం మెత్తబడుతుంది. పొట్టుతోనే దంచిన వెల్లుల్లి, పొయ్యి కట్టేశాక పసుపు, మెత్తగా నూరిన ఉప్పు. కల్లుప్పు వేస్తే అటుకులకు పట్టదు, అడుగున కూర్చుంటుంది. మా మరిది చేతికి అది తగిలినా బాగుండేది.

ఇవన్నీ అయ్యాక మక్క అటుకులు. ఈసారి అసలు గొడవ అక్కడే వచ్చింది. ఛత్రినాకలో ఏ కిరాణా కొట్టుకు పోయినా అవి దొరుకుతాయి. పచ్చిగా గట్టిగా పసుపుపచ్చగా ఉంటాయి, కాగే నూనెలో గుప్పెడు వేస్తే క్షణంలో పొంగుతాయి. మా ఆయన ఆ మాత్రం దూరం కూడా పోకుండా, పాలల్లో పోసుకు తినే అట్టపెట్టె రకం పట్టుకొచ్చాడు. "రెండూ మక్కలే కదనే" అన్నాడు. నూనెలో వేశాను. అవి ముందే కాలినవి, పైగా చక్కెర పట్టించినవి. నల్లగా మాడి, తియ్యగా వాసనొచ్చాయి.

ఆ కోపంలోనే ఈ అట్టపెట్టె అటుకుల పుట్టుక గురించి చదివాను. చదివాక కోపం పోయి జాలి పుట్టింది, మా ఆయన మీద కాదు, జాన్ హార్వీ కెల్లాగ్ అనే డాక్టరు మీద. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, బాటిల్ క్రీక్ అనే ఊళ్లో ఈయనకు పెద్ద ఆరోగ్యధామం ఉండేది. మాంసం వద్దు, కాఫీ వద్దు, ఆవాలు, మిరియాలు, మసాలాలు అసలే వద్దు అనేవాడు. అవి ఒంట్లో లేనిపోని కోరికలు రేపుతాయని ఆయన భయం. 1894లో అక్కడ ఉడికించిన గోధుమ ముద్ద పక్కన పడి ఎండింది. పారెయ్యకుండా రోలర్లలో వేసి ఒత్తితే రేకులు రేకులుగా వచ్చింది. తర్వాత మక్కల వంతు. రుచీ పచీ లేని తిండి దొరికిందని డాక్టరుగారు సంతోషించాడు. తమ్ముడు విల్ కీత్ మాత్రం చక్కెర కలిపితే తప్ప ఎవడు కొంటాడన్నాడు, 1906లో సొంతంగా కంపెనీ పెట్టాడు, ఇంటిపేరు ఎవరు వాడుకోవాలన్నదాని మీద అన్నదమ్ములిద్దరూ కోర్టుకెక్కారు. మా ఇంట్లో చుడువ తగాదాలు ఇంకా అంతదూరం పోలేదు.

ఆ డాక్టరుగారు లాల్‌దర్వాజ బోనాల ఆదివారం మా ఇంటికొచ్చాడనుకోండి. గుమ్మంలో పోతరాజు కొరడా చప్పుడు, లోపల మటన్ వాసన. ఆయన కనిపెట్టిన రేకులకు బంధువులైన మక్క అటుకులు నా మూకుట్లో వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఆవాలతో కలిసి తైతక్కలాడుతుంటాయి. రుచీ పచీ లేకుండా పుట్టిన ఆ రేకుల చుట్టం మా మిద్దె మీదికెక్కి మందులోకి స్టఫ్ అవుతుంది. బోనాలకు వైన్ షాపులు మూస్తారు కాబట్టి మగవాళ్లు ముందే తెచ్చి దాచుకుంటారు. చుట్టాల కోసమని నేను దాచిన రెండో డబ్బా ఏ దారిన మిద్దె మీదికి పోతుందో ఇప్పటిదాకా తెలియదు. తొంభయ్యొక్క ఏళ్లు బతికిన ఆ పెద్దమనిషి ఆ రాత్రి మా మిద్దెనే చూసి ఉంటే అంతకాలం ఉండేవాడు కాదు.

అయితే పల్లీలు ఏరడంలో మా వాళ్లంతా ఒకెత్తు, మా అక్క కొడుకు ఒకెత్తు. చిన్నప్పుడు వాడు ఇంటికొస్తే డబ్బా అటక మీద పెట్టేదాన్ని. స్టూలు వేసుకుని ఎక్కేవాడు. వాడి వేళ్ల మీద గరిటెతో కొట్టాను కూడా, గట్టిగానే. ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు. అక్కడ కూడా ఇలాంటి మిక్చర్ ఉందట. చెక్స్ అనే సీరియల్‌తో చేస్తారట, ఆ వంటకం 1952లోనే లైఫ్ పత్రికలో ప్రకటనగా వచ్చిందట. మొన్న ఘటాల ఊరేగింపు నాడు వీడియో కాల్ చేశాడు. వాడి వెనక ఓవెన్‌లో ట్రే నిండా బియ్యం పేలాలు, పసుపు, కరివేపాకు.

"చిన్నమ్మా, పల్లీలు వెయ్యకుంటే ఉప్పు ఎంత తగ్గియ్యాలె?"

వాళ్ల పాపకు పల్లీలు పడవు. వాసన తగిలినా భయమేనట, ఇంట్లోకే తేరు. బళ్లోనూ నిషేధం. వాడు పల్లీ తిని ఎంతకాలమైందో నేను అడగలేదు. ఉప్పు లెక్క చెప్పాను. పల్లీల బదులు పుట్నాలు వెయ్యరా అన్నాను. పాపకు అవి పడతాయో లేదో డాక్టర్ని అడగాలన్నాడు. మా ఆడబిడ్డ నా వెనకనుంచి, "పల్లీలు లేకుంటే గదేం చుడువరా" అంది. వాడు నవ్వాడు. నాకు ఆ గరిటె దెబ్బ గుర్తొచ్చింది, వాడికి గుర్తుందో లేదో.

దసరాకు అందరూ మళ్లీ వస్తారు. ఆడబిడ్డ అప్పుడే చెప్పిపోయింది, పల్లీలు జర ఎక్కువెయ్యమని. సామాన్ల చిట్టీలో ఇంకో అర్ధకిలో రాయించాను. మక్క అటుకులకు మాత్రం నేనే పోతా.