పరామర్శకు వెళ్తున్నారా? ఆయ్, ఇలా వెళ్ళండి

రాజమండ్రిలోనో కాకినాడలోనో మనవాళ్ళెవరైనా ఆసుపత్రిలో ఉన్నారని తెలిస్తే ఒక్కరే వెళ్ళకండి. అది గోదావరి జిల్లాల మర్యాద కాదు. ఆటో మాట్లాడుకుని, వియ్యాలవారిని కలుపుకుని, చంటిపిల్లల్ని చంకనేసుకుని వెళ్ళాలి. విజిటింగ్ అవర్స్ బోర్డు చుట్టాల్లేని వాళ్ళ కోసం పెట్టింది. వాచ్‌మన్‌ది ఏ ఊరో అడగండి, ఎక్కడో ఒకచోట చుట్టరికం తేలుతుంది.

లోపలికెళ్ళగానే కిటికీ మూసెయ్యండి. క్షయకు మందు లేని రోజుల్లో శానిటోరియం వైద్యమంటే గాలి, వెలుతురు, విశ్రాంతి. రాజమండ్రి విశ్రాంతిపురంలోనూ లూథరన్ మిషన్ వాళ్ళ క్షయ ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు మందులున్నాయిగా, గాలెందుకు? రోజర్ ఉల్రిక్ అనే అమెరికా పరిశోధకుడు 1984లో సైన్స్ పత్రికలో ఇంకో విచిత్రం రాశాడు. పెన్సిల్వేనియాలో పిత్తాశయం ఆపరేషనైన 46 మంది లెక్కలు తీశాడు. కిటికీలోంచి చెట్లు కనబడ్డవాళ్ళు, ఇటుకగోడ కనబడ్డవాళ్ళ కంటే ముందే ఇంటికెళ్ళారట. ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారట. మన కోనసీమ మనిషి పుట్టినప్పట్నుంచీ కొబ్బరిచెట్లే చూస్తున్నాడు, హెర్నియా ఆగిందా? ఆ కిటికీకి అడ్డంగా మీరు నిలబడండి. అయినవాళ్ళ మొహాలకంటే చెట్లెక్కువా?

కుర్చీ ఉన్నా సరే, మంచం మీదే కూర్చోండి, కుట్లున్న వైపు అయితే మరీ మంచిది. ఇది కూడదని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859 నాటి నర్సింగు పుస్తకంలో రాసింది. ఆవిడ పరాయి మనిషేం కాదు. ఇండియాలో కాలు పెట్టకుండానే, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరతో ఉత్తరాలు నడిపింది. సాగునీటి కాలవల కోసం ఇంగ్లండులో వాదించింది. కాలవల సంగతి ఆవిడ మాటే వినండి. కానీ రోగి మంచం కదపొద్దు, పక్కన చేరి గుసగుసలాడొద్దు, ఉత్తుత్తి ధైర్యాలు చెప్పొద్దు అంటే మనం నోరు కట్టేసుకుని కూర్చోవాలా? గుసగుసలొద్దందంటే బిగ్గరగా మాట్లాడమనేగా! ఇదే ఆపరేషన్ చేయించుకున్న పాలకొల్లు బావగారి సంగతి ఎత్తుకోండి. ఆయన పోయారన్న ముక్క చివరికి దాచండి, కథకి పట్టుంటుంది.

రాత్రిపూట వార్డులో శబ్దం సగటున 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో చెప్పింది. మన పెదనాన్నగారి గురకే అంతకు మించి ఉంటుంది. ఆయన్నేమో రాత్రి తోడుకి పడుకోబెట్టి, మీరు ఫోన్లో సీరియల్ పెట్టి స్పీకరు పెంచండి. రోగి కళ్ళు మూసుకుంటే తట్టి లేపి, "నిద్ర పట్టిందాండీ?" అని అడగడం మాత్రం మరవకండి.

ఇక చేతులు. రోగిని ముట్టుకోకపోయినా, అతని చుట్టూ ఉన్న మంచం కమ్మీ, సెలైన్ స్టాండు లాంటివి ముట్టుకున్నాక చేతులు శుభ్రం చేసుకోమని ఆ సంస్థే వైద్య సిబ్బందికి చెబుతోంది. మనం సిబ్బంది కాదుగా. ఆ చేత్తోనే ఆత్రేయపురం పూతరేకు విప్పి నోట్లో పెట్టండి. షుగరు పెరిగితే పుండు ఆలస్యంగా మానుతుందని సిస్టర్ అంటుంది. ముందు ఆవిడది ఏ జిల్లానో కనుక్కోండి. "నిన్నట్నుంచీ కాస్త పడుకోనివ్వమంటున్నారండీ ఆయన" అని కూడా అంటుంది. ఆ మాట రోగే అన్నా పట్టించుకోకండి, మందుల మత్తు.

డాక్టరుగారు రౌండ్సుకొచ్చి, జ్వరం తగ్గలేదు, డిశ్చార్జి ఇంకో నాలుగు రోజులాగాలి అంటే కంగారు పడకండి. తణుకు వాళ్ళు, రావులపాలెం వాళ్ళు ఇంకా చూడ్డానికి రాలేదు. వెంటనే ఫోన్ చేసి చెప్పండి.