పరగడుపు అంకె

నేను గ్లూకోమీటర్‌ని. నా పూర్వీకుడు 1970లో అమెరికాలో పుట్టాడు. కిలోకు పైగా బరువుండేవాడట, డాక్టర్ల గదులు దాటి వచ్చేవాడు కాదు. నేను అరచేతిలో ఇమిడిపోతాను. రాజమండ్రిలో ఒక రిటైరైన లెక్కల మాస్టారింట్లో, మందుల డబ్బా పక్కన ఉంటాను.

మాస్టారి వేలి నుంచి వచ్చిన నెత్తుటి బొట్టుని స్ట్రిప్ పీల్చుకుంటుంది. దాని మీదున్న ఎంజైమ్ నెత్తుట్లోని గ్లూకోజ్‌తో కలిస్తే సన్నటి కరెంటు పుడుతుంది. దాన్ని కొలిచి అంకె చూపించడమే నా పని. అంత చిన్న పనిలోనూ పొరపాటుకి చోటుంది. మామిడిపండు తిన్న చెయ్యి కడక్కుండా పొడుచుకుంటే ఆ తీపీ నా లెక్కలోకొచ్చి, లేని షుగర్ ఉన్నట్టు చూపిస్తాను. అందుకే అమ్మగారు ముందు సబ్బు, తువ్వాలు అందిస్తారు. స్ట్రిప్పుల డబ్బా మూత కూడా వెంటనే బిగించేస్తారు, తేమ తగిలితే అవి పాడవుతాయని.

మొదట్లో మాస్టారు నన్ను చూసి విసుక్కునేవారు. ‘‘రాత్రి రెండు పుల్కాలే కదే తిన్నాను, పొద్దున్నే 168 ఏమిటి? కూరలో బెల్లం గానీ వేశావా?’’ అని అమ్మగారిని నిలదీసేవారు. ‘‘ఒట్టండీ, వెయ్యలేదు’’ అనేవారావిడ. తప్పు ఇద్దరిదీ కాదు. తెల్లవారుజామున ఒళ్లు మేలుకోవడానికి సిద్ధమవుతుంటే కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, కాలేయం గ్లూకోజ్‌ని నెత్తుట్లోకి వదులుతుంది. షుగర్ జబ్బు లేనివాళ్లలో ఇన్సులిన్ దాన్ని సర్దేస్తుంది. ఉన్నవాళ్లలో అంకె ఎక్కి కూర్చుంటుంది. వైద్యులు దీన్ని డాన్ ఫినామినన్ అంటారు. ఇది తెలిశాక మాస్టారు అమ్మగారిని నిలదీయడం మానేసి, అంకెలన్నీ నోటుబుక్కులో రాసి డాక్టర్‌కి చూపించారు. డాక్టర్ రాత్రి మందు మార్చారు. అంకె ఎక్కువొచ్చిందని టిఫిన్ మానేసేవాళ్లని, సొంతంగా ఇంకో మాత్ర మింగేవాళ్లని తలుచుకుంటే నాకు భయం. పరగడుపున 80 నుంచి 130 మధ్య ఉండాలన్నది చాలామందికి పెట్టే గురి. వయసుని, ఇతర జబ్బుల్ని బట్టి డాక్టర్ దాన్ని మారుస్తారు.

ఎక్కువ కన్నా తక్కువ తొందరపెడుతుంది. ఒకరోజు మాస్టారు చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నా నడకకి బయల్దేరారు. ‘‘ఒక్కసారి చూసుకుని వెళ్లండి’’ అని అమ్మగారు నన్ను తెచ్చారు. 62 చూపించాను. 70 కన్నా తగ్గితే ఆగకూడదు. ఆవిడ 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూశారు. అంకె పైకొచ్చాకే టిఫిన్ పెట్టారు. ‘‘ఇవాళ నడక లేకపోతే కొంపేం మునగదు’’ అన్నారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, షుగర్‌ని మరీ కిందికి దించే మాత్రలు వాడేవాళ్లు జేబులో గ్లూకోజ్ లేకుండా గడప దాటకూడదు.

నడకకి ముందు మాస్టారు అరికాళ్ల కింద అద్దం పెట్టి చూసుకుంటారు, చెప్పుల్లో చెయ్యిపెట్టి తడుముతారు. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన కాలికి ముల్లు దిగినా తెలియదు.

టిఫిన్ సంగతి ఆయనే తేల్చుకున్నారు. ఇడ్లీ తిన్న రోజుల్లో, పెసరట్టు తిన్న రోజుల్లో, తిన్న రెండు గంటలకి నన్నడిగి రెండు గడుల్లో రాశారు. ఆయన ఒంటికి పెసరట్టే నయమని తేలింది. పొట్టుతో రుబ్బిన పెసల్లో పీచూ మాంసకృత్తులూ ఉంటాయి. పక్కన ఉప్మా మాత్రం మానేశారు. కాఫీలో పంచదార బదులు బెల్లమో తేనో వేసుకుంటే పరవాలేదనే మాటని నేను ఒప్పుకోను. అవీ షుగర్‌ని పెంచుతాయి.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. ల్యాబ్‌కి వెళ్లే ముందు రెండ్రోజులు కడుపు మాడ్చుకుని, మంచి అంకె తెచ్చుకుని మురిసిపోవడం. హెచ్‌బీఏ1సీ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సంగతి చెప్పేస్తుంది. దాచి ఏం లాభం?

మీ బీరువాలో నాలాంటిది మూలపడి ఉంటే బయటికి తీయండి. స్ట్రిప్పుల గడువు చూడండి. ఎన్నాళ్లకోసారి పరీక్షించుకోవాలో మీ డాక్టర్‌ని అడగండి. వచ్చిన అంకెని, ఎక్కువైనా తక్కువైనా, ఉన్నదున్నట్టు రాసి ఆయనకి చూపించండి.